సైకిలు సందేహాలు: పాత క్రాంకులు ఊడదీసే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత సైకిళ్ళ క్రాంకుల (పెడల్‌ను ఇరుసుకు కలిపే చేతుల) గురించే. అన్నీ చెన్నై నుంచే వచ్చాయి, చాలావాటి వెనక ఉన్న చిక్కు ఒకటే: ఆ క్రాంకు ఏ రకమో తేల్చుకోకముందే పనిముట్టు పట్టడం. అందుకని అవసరమైన చోటల్లా ముందు గుర్తుపట్టే పద్ధతి చెప్పి, ఆ తర్వాతే ఊడదీసే పద్ధతి చెప్పాం.

ప్రశ్న: మా నాన్నగారి హెర్క్యులిస్ సైకిలు చాలా ఏళ్ళుగా మెట్ల కింద పడి ఉంది. బీబీలో (క్రాంకుల ఇరుసు తిరిగే భాగంలో) బేరింగ్ గుళ్ళు మార్చి మళ్ళీ నడపాలని ఉంది. క్రాంకు తీయబోతే కాటర్ పిన్ను కదల్లేదు. వీధి చివర మెకానిక్ నట్టు తీసేసి సుత్తితో కొడితే పిన్ను కొస మొద్దుబారి, కాస్త వంగింది. ఇప్పుడు పిన్నూ రాదు, నట్టూ ఎక్కదు. — ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: కంగారుపడకండి, క్రాంకు గానీ యాక్సిల్ (ఇరుసు) గానీ చెడిపోలేదు. పాడైంది పిన్ను ఒక్కటే. దాన్ని ఎలాగూ కొత్తది వేయాల్సిందే.

అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో బ్రిటిష్ కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ తోడ్పాటుతో మొదలైంది. మన హెర్క్యులిస్, బీఎస్ఏ, ఫిలిప్స్ బళ్ళన్నీ ఆ ఇంగ్లీషు నమూనావే. గుర్తుపట్టడం తేలిక. ఇనప క్రాంకు యాక్సిల్‌ను పట్టుకున్న చోట అడ్డంగా ఒక పిన్ను దూరి, ఒక పక్క గుండ్రటి తల, రెండో పక్క చిన్న నట్టు కనిపిస్తే అది కాటర్ రకం. పిన్నుకు ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. ఆ చదును యాక్సిల్ మీద కోసిన గాడికి చీలలా బిగుసుకుంటుంది. క్రాంకును పట్టి ఉంచేది ఆ బిగింపే. నట్టు పిన్నును లాగి బిగించదు, వెనక్కి జారకుండా కాపలా మాత్రం కాస్తుంది. ఈ తేడా తెలియక నట్టు మీద బలమంతా పెట్టి మరలు తెంపేవాళ్ళు చాలామంది.

మీ పిన్ను పరిస్థితికి వచ్చేముందు, రెండో వైపు పిన్ను ఇంకా బాగానే ఉంది కాబట్టి దాన్ని సరిగ్గా తీసే పద్ధతి చూద్దాం. తుప్పు వదిలించే నూనె పిన్ను తల వైపు, నట్టు వైపు, క్రాంకుకూ యాక్సిల్‌కూ మధ్య సందులోనూ వేసి ఒక రాత్రి ఉంచండి. సముద్రపు గాలి తిన్న బండికి ఒక రాత్రి చాలదు, మూడు రోజులపాటు పూటపూటా వేయండి. తర్వాత నట్టును పూర్తిగా తీయకుండా, దాని పైమట్టం పిన్ను కొసతో సమానమయ్యేదాకా మాత్రమే వదులు చేయండి. అప్పుడు దెబ్బ పిన్ను మీదా నట్టు మీదా కలిసి పడుతుంది, మరలు వంగవు. మీ మెకానిక్ చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే: నట్టు లేకుండా కొట్టడం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కింద ఆధారం లేకుండా క్రాంకు మీద కొడితే ఆ దెబ్బంతా యాక్సిల్ గుండా బీబీ గుళ్ళకు పోతుంది. గుళ్ళు తాము తిరిగే కప్పుల్లో గుంటలు చేస్తాయి, పిన్ను మాత్రం కదలదు. అందుకని ఒక ఇనప గొట్టం ముక్క కావాలి. లోపలి వ్యాసం పిన్ను తలకన్నా కాస్త ఎక్కువ, ఉరామరిగా 15 మి.మీ. ఉంటే సరిపోతుంది. సైకిలును చక్రాల మీద నిలబెట్టి, నట్టు పైకి, తల కిందికి వచ్చేలా క్రాంకును అడ్డంగా ఉంచండి. గొట్టం ఒక చివర సిమెంటు నేల మీద, రెండో చివర పిన్ను తలను లోపల ఉంచుకుని క్రాంకును మోస్తూ నిలబడాలి. పొడవు బండిని బట్టి మారుతుంది, కొలిచి కోయించుకోండి. గొట్టం పొడవు ఎంత సరిపోవాలంటే, క్రాంకు బరువంతా దాని మీదే ఆగాలి. ఇప్పుడు కిలో సుత్తితో నిటారుగా ఒక్క గట్టి దెబ్బ. చిన్న సుత్తితో టకటకా కొడితే పిన్ను కొస నలుగుతుంది తప్ప పిన్ను జారదు. కొట్టేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోండి, పాత ఇనుము నుంచి పెచ్చులు ఎగురుతాయి.

సుత్తి వాడటం ఇష్టం లేకపోతే పెద్ద బల్ల వైసు, ఒక 14 మి.మీ. సాకెట్ చాలు. సాకెట్ పిన్ను తల వైపు, వైసు దవడ మర కొస వైపు ఉంచి బిగించండి. ఇక బిగదనిపించిన దగ్గర ఆపి, క్రాంకు పక్కన సుత్తితో చిన్నగా తట్టండి. ఒత్తిడి, కుదుపు రెండూ కలిస్తే చాలా పిన్నులు టప్పుమని వదులుతాయి. ఈ పద్ధతే మాకు నచ్చినది. బేరింగుకు దీనివల్ల ఏ హానీ ఉండదు.

ఇక మీ వంగిన పిన్ను. నలిగి వెడల్పయిన అంచులు ఆకురాయితో అరగదీసి, పైన చెప్పినట్టు గొట్టం పెట్టి ఇంకోసారి ప్రయత్నించండి. కదలకపోతే వంగిన మర భాగాన్ని హాక్సా బ్లేడుతో క్రాంకు మట్టానికి కోసేయండి. కోసిన ముఖం మధ్యలో సెంటర్ పంచితో గుర్తు పెట్టి, ముందు 3 మి.మీ. బిట్టుతో, తర్వాత 5 మి.మీ. బిట్టుతో పిన్ను నిడివిలో రంధ్రం చేయండి. నూనె చుక్కలు వేస్తూ నెమ్మదిగా తిప్పండి. కాటర్ పిన్ను మెత్తటి ఇనుమే, బిట్టు తేలిగ్గా దిగుతుంది. మధ్య బోలు అవగానే చీల బిగువు సడలుతుంది. ఆపైన 6 మి.మీ. చదును పంచి పెట్టి కొడితే వచ్చేస్తుంది. రంధ్రం పక్కకు జరిగితే బిట్టు యాక్సిల్ గాడిని తినేస్తుంది కాబట్టి తొందర పడవద్దు.

కొత్త పిన్ను కొనేటప్పుడు పాతదాన్ని వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్ళండి. మన బళ్ళకు సాధారణంగా 9.5 మి.మీ. పడుతుంది. విదేశీ పాత బళ్ళలో 9.0, 8.5 మి.మీ. కూడా ఉంటాయి. 9.0 పిన్ను 9.5 రంధ్రంలో తేలిగ్గా దూరుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, తొక్కగానే ఊగిసలాడుతుంది. రట్టన్ బజారులో పిన్నులు జతగా దొరుకుతాయి. రెండూ ఒకే కంపెనీవి, చదును ఏటవాలు ఒకేలా ఉన్నవి ఏరుకోండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే క్రాంకులు రెండూ ఒకే గీతలోకి రావు.

బిగించేటప్పుడు పిన్నుల దిక్కు తప్పకూడదు. కుడి క్రాంకును ముందుకు చాచినప్పుడు నట్టు పైన ఉంటే, ఎడమ క్రాంకును ముందుకు చాచినప్పుడు కూడా పైనే ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తే పెడల్లు ఎదురెదురుగా నిలబడవు. పిన్ను దూర్చి సుత్తితో దిగగొట్టండి (అప్పుడూ గొట్టం ఆధారం కావాలి), ఆ తర్వాత వాషరు, నట్టు. నట్టు పూర్తిగా పట్టడానికి మర సరిపడా బయటికి రాకపోతే పిన్ను చదునును ఆకురాయితో సమంగా, కొంచెం కొంచెం అరగదీయండి. ఎడమ పిన్ను ఎంత అరగదీశారో కుడిదీ అంతే. యాభై కిలోమీటర్లు తొక్కాక మరోసారి ఆధారం పెట్టి కొట్టి, నట్టు బిగించండి. ఈ రెండో బిగింపు చేయనివాళ్ళ బళ్ళే "టక్, టక్" అంటూ తిరుగుతాయి.

ప్రశ్న: 1970ల నాటి ప్యూజో రేసింగ్ సైకిలు కొన్నాను. క్రాంకులు స్ట్రాంగ్‌లైట్‌వి. కొత్తగా కొన్న ఎక్స్‌ట్రాక్టరు (క్రాంకును ఊడలాగే పనిముట్టు) మర పట్టకుండా లోపలికి జారిపోతోంది. క్రాంకు మరలు అరిగిపోయాయా? — ఒక పాఠకుడు, బీసెంట్ నగర్

జవాబు: బహుశా అరగలేదు. మీ ఎక్స్‌ట్రాక్టరు 22 మి.మీ.ది, మీ క్రాంకుది 23.35 మి.మీ. మర. చతురస్రపు కొసల యాక్సిల్ మీద బిగించే అల్యూమినియం క్రాంకును 1933లోనే తెచ్చినవాళ్ళు స్ట్రాంగ్‌లైట్ వాళ్ళు. తర్వాత వచ్చిన కంపెనీలు చాలావరకు 22 మి.మీ. వైపు వెళ్ళినా వాళ్ళు తమ కొలతనే 1980ల దాకా కొనసాగించారు. మరో ఫ్రెంచ్ కంపెనీ టీఏ వాళ్ళది 23 మి.మీ. మూడింటికీ మర అంతరం (పక్కపక్క మరల మధ్య దూరం) 1 మి.మీ. ఒకటే, అందుకే చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

కొలిచి తేల్చుకోండి. డస్ట్ క్యాపు (క్రాంకు బోల్టు గుంట మీది మూత) తీసి, మరల కొనల మధ్య లోపలి వ్యాసం వెర్నియర్‌తో చూడండి. దాదాపు 20.9 వస్తే 22 మి.మీ. మర, 21.9 వస్తే టీఏ, 22.3 వస్తే స్ట్రాంగ్‌లైట్. 22 మి.మీ. ఎక్స్‌ట్రాక్టరుకు టేపు చుట్టి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి బిగించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. రెండు మూడు మరలను మాత్రమే అరకొరగా పట్టుకున్న పనిముట్టు టన్ను బలంతో లాగితే అల్యూమినియం మరలన్నీ చుట్టలుగా ఊడివస్తాయి. అప్పుడు మీ ప్రశ్నకు జవాబు "అవును, అరిగిపోయాయి" అవుతుంది.

ఆ కొలత ఎక్స్‌ట్రాక్టరు మన బజారులో దొరకడం కష్టం. కానీ చెన్నైలో లేత్ పనివాళ్ళకు కొదవ లేదు. ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ మీద బయట 23.35 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. అంతరంతో కనీసం 10 మి.మీ. పొడవున మర కోయమనండి. లోపల తోసే బోల్టుకు 14 మి.మీ. మర రంధ్రం. లోపలి రంధ్రం బయటి మరతో ఒకే కేంద్రంలో ఉండాలని గట్టిగా చెప్పండి. వంకర ఉంటే క్రాంకు పక్కకు లాగబడుతుంది. బయటి మరను క్రాంకులో చేత్తో తిప్పి చూసుకుని మరీ తీసుకోండి.

తీసే క్రమం ఇది. డస్ట్ క్యాపు తీయండి. యాక్సిల్ బోల్టు తల స్ట్రాంగ్‌లైట్, టీఏలకు 16 మి.మీ., ఇటలీ కంపెనీ కంపాన్యోలోకు 15, జపాన్ వాటికి 14. మామూలు 16 సాకెట్ గోడ మందం వల్ల ఆ గుంటలోకి దూరదు, పల్చటి గోడ సాకెట్ అడగండి. బోల్టు తీశాక వాషరు కూడా బయటికి వచ్చిందో లేదో టార్చి వేసి చూడండి. వాషరు గుంటలో అంటుకుని ఉండిపోతే ఎక్స్‌ట్రాక్టరు కొన యాక్సిల్‌కు బదులు వాషరును తోస్తుంది. వాషరేమో క్రాంకు మీదే కూర్చుని ఉంటుంది. కాబట్టి క్రాంకు కదలదు, మరలు తెగుతాయి. కొన్ని పాత యాక్సిళ్ళకు బోల్టు బదులు బయటికి పొడుచుకొచ్చిన మర కొస, దాని మీద నట్టు ఉంటాయి. అలాంటి వాటికి ఎక్స్‌ట్రాక్టరు తోసే కొన వేరేది కావాలి, లేకపోతే యాక్సిల్ మర నలుగుతుంది.

మరల్లో మట్టి బ్రష్షుతో తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, తోసే బోల్టును పూర్తిగా వెనక్కి తిప్పి ఉంచి, ఎక్స్‌ట్రాక్టరు బయటి భాగాన్ని చేత్తో చివరికంటా ఎక్కించండి. మొత్తం మర పొడవూ పట్టాలి. ఆ తర్వాత మాత్రమే పానాతో తోసే బోల్టు తిప్పండి. మొదట బిగువుగా, తర్వాత ఒక్కసారిగా సడలినట్టు తెలుస్తుంది. సడలిక మెల్లగా, మెత్తగా అనిపిస్తే వెంటనే ఆపండి. అది క్రాంకు వదలడం కాదు, మర తెగడం మొదలవడం.

ఫ్రెంచ్ బండి కాబట్టి ఇంకో రెండు జాగ్రత్తలు. పెడల్ మర 14 మి.మీ., అంతరం 1.25 అయ్యే అవకాశం ఉంది. మన దగ్గర దొరికే 9/16 అంగుళం పెడల్ (14.29 మి.మీ., అంగుళానికి 20 మరలు) రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలవంతంగా తోస్తే క్రాంకులో పెడల్ పట్టే కన్ను చీలుతుంది. పాత పెడల్ యాక్సిల్ మీద కుడికి డి, ఎడమకు జి అన్న రోమన్ అక్షరాలు ఉంటే ఫ్రెంచ్ మర అనుకోండి. ఇటాలియన్ పెడల్లకు డి, ఎస్ ఉంటాయి. అలాగే బీబీ కప్పులు 35 మి.మీ., 1 మి.మీ. అంతరంతో, రెండు వైపులా మామూలు మరే కావచ్చు. దీని సంగతి తిరువాన్మియూరు ఉత్తరానికి జవాబులో వస్తుంది.

ప్రశ్న: వాషరు తీయడం మరచి ఎక్స్‌ట్రాక్టరు తిప్పడంతో ఎడమ క్రాంకు మరలన్నీ ఊడిపోయాయి. క్రాంకు యాక్సిల్‌ను వదలడం లేదు. జపాన్ క్రాంకు, సుగినో. — ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఈ ప్రమాదానికి మూడు మార్గాలున్నాయి. క్రాంకు మీద మీకెంత ఆశ ఉందో దాన్ని బట్టి ఎంచుకోండి.

క్రాంకును కాపాడుకోవాలంటే ఆటో విడిభాగాల కొట్టులో దొరికే రెండు కాళ్ళ బేరింగ్ పుల్లరు తీసుకోండి. పుదుపేటలో పాతవి కూడా దొరుకుతాయి. కాళ్ళ కొసలు సన్నగా ఉన్నది ఏరుకోండి. క్రాంకు వెనక, ఫ్రేముకూ క్రాంకుకూ మధ్య చోటు తక్కువ. పుల్లరు మధ్య మర కొన నేరుగా యాక్సిల్ రంధ్రంలో పడితే బోల్టు మరలు పాడవుతాయి. అందుకని వాషరు లేకుండా పాత బోల్టును రంధ్రంలోకి ఎక్కించి, దాని తల క్రాంకును తాకకుండా మూడు నాలుగు మి.మీ. ఎడం వదలండి. పుల్లరు ఆ బోల్టు తల మీద తోస్తుంది. బిగించాక వేడినీళ్ళు యాక్సిల్ వైపు ఉన్న క్రాంకు కన్ను మీద పోయండి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలడానికి ఆ కాస్త తేడా చాలు. గ్యాస్ టార్చి మంట వద్దు, ఎక్కువ వేడికి మిశ్రమ లోహం బలం తగ్గుతుంది. ఎడమ క్రాంకుకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. కుడి వైపు చైన్ వీల్ (చైను ఎక్కే పళ్ళ చక్రం) చేతులు అడ్డొస్తాయి, మూడు కాళ్ళ పుల్లరు చూసుకోవాలి.

క్రాంకు మీద ఆశ లేదనుకుంటే, బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి (పూర్తిగా తీయకుండా) వీధిలో నెమ్మదిగా తొక్కండి. ఎడమ పెడల్ మీద బరువు వేసి నిలబడితే త్వరగా వదులుతుంది. అది జరగ్గానే దిగిపోయి బండిని నడిపించుకు రండి. ఇంకా తొక్కితే క్రాంకులోని చతురస్రపు రంధ్రం గుండ్రమవుతుంది, ఆ తర్వాత ఏ యాక్సిల్ మీదా నిలవదు. రద్దీ ఉన్న రోడ్డు మీద ఈ పని అసలు వద్దు.

మూడోది కోయడం. క్రాంకు కన్నును హాక్సాతో యాక్సిల్ చదును ముఖం దగ్గరిదాకా, యాక్సిల్‌ను తాకకుండా కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ. క్రాంకు పోతుంది, యాక్సిల్ మిగులుతుంది. అరుదైన పాత యాక్సిల్, మామూలు క్రాంకు అయితే మేం ఇదే చేయమంటాం.

మరలు ఊడిన క్రాంకును మళ్ళీ వాడవచ్చు, తొక్కడానికి ఆ మరలతో పనిలేదు. కాకపోతే తర్వాతిసారి తీయడానికి మళ్ళీ పుల్లరే కావాలి.

ప్రశ్న: మా అబ్బాయి పాత బీఎంఎక్స్ సైకిలుకు బోల్టూ లేదు, కాటర్ పిన్నూ లేదు. క్రాంకు ఎలా తీయాలి? — ఒక పాఠకురాలు, కొరటూరు

జవాబు: అది ఒకే ముక్కగా వంచిన క్రాంకు. ఎడమ క్రాంకు, యాక్సిల్, కుడి క్రాంకు అంతా ఒకే కడ్డీ. ముందు ఎడమ పెడల్ తీయండి. దానిది ఎడమ మర కాబట్టి గడియారం తిరిగే దిక్కులో తిప్పాలి. తర్వాత ఎడమ వైపు ఉన్న పెద్ద లాక్ నట్టు, ఇది కూడా ఎడమ మరే, గడియారం దిక్కులోనే తిప్పండి. దాని వెనక గాడి వాషరు, ఆ వెనక కోను, అంటే గుళ్ళను నొక్కి పట్టే ముక్క (అదీ ఎడమ మరే). ఇవి వచ్చాక క్రాంకును కుడి వైపుకు, వంపు తిప్పుకుంటూ బయటికి లాగండి. కింద బట్ట పరచుకోండి, గుళ్ళు కేజులో ఉన్నా కేజులు పాతవైతే రాలతాయి. ఈ క్రాంకుల పెడల్ మర చాలావరకు 1/2 అంగుళం, మామూలు 9/16 పెడల్లు పట్టవు.

ప్రశ్న: పాత సామాన్ల వాళ్ళ దగ్గర ఒక అల్యూమినియం చైన్ సెట్ (క్రాంకులు, చైన్ వీల్ కలిపి) కొన్నాను. పేరు అరిగిపోయింది. ఎవరిదో, ఏ కాలందో, దీనికి చైన్ వీల్ దొరుకుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి? — ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: ముందు చైన్ వీల్ క్రాంకుకు ఎలా అతికి ఉందో చూడండి. విప్పడానికి బోల్టులు లేకుండా, క్రాంకుకు నొక్కి బిగించేసి ఉంటే ఆ వీల్ మారదు. 1970, 80ల మధ్యతరగతి జపాన్ సెట్లలో ఇది ఎక్కువ. పళ్ళు అరిగితే మొత్తం సెట్ పోయినట్టే.

బోల్టులతో ఐదు చేతులు ఉంటే బోల్టు వలయం (బోల్టులన్నిటి కేంద్రాల గుండా పోయే వృత్తం) వ్యాసమే పెద్ద ఆధారం. ఎదురెదురు బోల్టులు ఒకే గీతలో ఉండవు కాబట్టి నేరుగా కొలవలేరు. పక్కపక్క రెండు బోల్టుల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించండి. గుణించక ముందు ఆ దూరం 84.6 మి.మీ. అయితే వలయం 144, కంపాన్యోలో వాళ్ళ "రికార్డు" అనే మోడల్, దాన్ని అనుసరించిన ఎన్నో సెట్లు. 88.8 అయితే 151: కంపాన్యోలో రికార్డు 1958లో మొదలైన తొలి కొలత, 1960ల చివర 144కు మారింది. మీది అదైతే జాగ్రత్తగా దాచుకోండి, చైన్ వీళ్ళు దొరకడం కష్టం కానీ విలువ ఉంది. 71.7 అయితే 122, స్ట్రాంగ్‌లైట్. 76.4 అయితే 130, జపాన్ కంపెనీ షిమానో రోడ్డు సెట్లు. 64.7 అయితే 110, దీనికి ఇప్పటికీ చైన్ వీళ్ళు సులువుగా దొరుకుతాయి. 50.6 అయితే 86, ఫ్రెంచ్ టూరింగ్ సెట్ కావచ్చు. చేతులు మూడే ఉంటే 116 వలయం కావచ్చు, పాత ఇంగ్లీషు, ఫ్రెంచ్ సెట్లలో అది కనబడుతుంది.

క్రాంకు వెనక వైపు మట్టి కడిగి చూడండి. షిమానో అయితే రెండు రోమన్ అక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది సంవత్సరం: ఏ అంటే 1976, బీ 1977, అలా వరసగా. రెండోది నెల: ఏ జనవరి, ఎల్ డిసెంబరు. జే, డీ ఉంటే 1985 ఏప్రిల్. అక్కడే 170, 165 లాంటి అంకె పొడవు మి.మీ.లలో. అది చెరిగిపోతే పెడల్ రంధ్రం మధ్య నుంచి యాక్సిల్ రంధ్రం మధ్యకు కొలవండి.

కొనేముందు చూడాల్సింది పగులు. పాత కంపాన్యోలో రికార్డు కుడి క్రాంకుల్లో, చైన్ వీల్ చేయి క్రాంకుతో కలిసే సన్నటి మూలలో వెంట్రుకవాసి పగుళ్ళు రావడం బాగా తెలిసిన లోపం. పాలిష్ నల్లగా ఉన్నచోట ఆ గీత మరకలా కనబడుతుంది. కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, సుద్దపొడి అద్దండి. పగులులో మిగిలిన నూనె సుద్ద మీద సన్నటి గీతగా ఊరుతుంది. చిన్న పగుళ్ళను ఆకురాయితో నున్నగా తీసేసి వాడేవాళ్ళున్నారు. లోతైనది అయితే అలమారలో పెట్టుకోవడానికే. నిలబడి తొక్కుతుండగా క్రాంకు విరిగితే మనిషి పడేది రోడ్డు మీద.

యాక్సిల్ జతపరచడంలో ఒక చిక్కు. ఇటలీ సెట్లు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) చతురస్రం, జపాన్‌వి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) చతురస్రం. ఏటవాలు ఒకటే, మందం తేడా. ఐఎస్ఓ క్రాంకును అంతే పొడవున్న జేఐఎస్ యాక్సిల్ మీద ఎక్కిస్తే దాదాపు 4.5 మి.మీ. బయటే ఆగిపోతుంది, చైను నడిచే గీత మారిపోతుంది. ఇంకా బిగిస్తే లోపలికి వెళుతుందని బిగిస్తే క్రాంకు చీలుతుంది.

ప్రశ్న: క్రాంకులు తీశాను, కుడి బీబీ కప్పు ఎటు తిప్పినా రావడం లేదు. — ఒక పాఠకుడు, తిరువాన్మియూరు

జవాబు: ఎటు తిప్పాలో ముందు తేల్చుకోండి, "ఎటు తిప్పినా" అన్నదాంట్లోనే సగం ప్రమాదం ఉంది. ఇంగ్లీషు మర (1.37 అంగుళం, అంగుళానికి 24) అయితే కుడి కప్పుది ఎడమ మర, గడియారం దిక్కులో తిప్పితే వస్తుంది. ఇటాలియన్ (36 మి.మీ.), ఫ్రెంచ్ (35 మి.మీ.) అయితే మామూలు మర. ఎడమ కప్పు తీసి దాని బయటి వ్యాసం కొలిస్తే తెలుస్తుంది: 34.8 దగ్గర ఇంగ్లీషు, 35 దగ్గర ఫ్రెంచ్, 36 దగ్గర ఇటాలియన్. మొదటి రెంటికీ తేడా చాలా తక్కువ కాబట్టి మర అంతరం కూడా పోల్చి చూడండి. అరుదుగా స్విస్ మర కూడా తగులుతుంది: కొలత ఫ్రెంచ్‌దే, కుడి కప్పుకు మాత్రం ఎడమ మర.

ఇంగ్లీషు కప్పుకు తేలిక మార్గం ఉంది. యాక్సిల్, గుళ్ళు తీసేసి కప్పు రంధ్రంలో పట్టే లావు బోల్టును బయటి నుంచి దూర్చండి. తల కింద, లోపలి నట్టు కింద మందపాటి వాషర్లు వేసి కప్పును మధ్యలో నొక్కేలా బిగించండి. ఇక బోల్టు తలను గడియారం దిక్కులో తిప్పుతూ పోతే, బిగువు మించాక బోల్టుతోపాటు కప్పు కూడా అదే దిక్కులో తిరిగి బయటికి వస్తుంది. మామూలు మర కప్పులకు ఈ ఉపాయం పనికిరాదు, అటు తిప్పితే బోల్టే వదులవుతుంది. వాటికి కప్పు చదునులను బల్ల వైసులో పట్టి, ఫ్రేమునే తిప్పాలి. ఇద్దరు మనుషులు కావాలి.

తిరిగి వేసేటప్పుడు వైపుకు 11 చొప్పున 1/4 అంగుళం గుళ్ళు, కొత్తవే వేయండి.

ప్రశ్న: చతురస్రపు యాక్సిల్ మీద అల్యూమినియం క్రాంకు తిరిగి బిగించాను. ఎంత బిగించాలి? గ్రీజు పూయాలా? — ఒక పాఠకుడు, త్యాగరాయ నగర్

జవాబు: 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా లేకపోతే, 20 సెంటీమీటర్ల పొడవు పానా కొస మీద ఉరామరిగా 20 కిలోల బరువు వేసినంత. బోల్టు మరలకు, తల కింద గ్రీజు తప్పనిసరి, లేకపోతే బిగువంతా రాపిడికే పోతుంది. చతురస్రం మీద గ్రీజు వద్దనేవాళ్ళు, కావాలనేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. పొడిగా ఎక్కిస్తే క్రాంకు మరీ లోపలికి జారదన్నది మొదటివాళ్ళ వాదన, అందులో నిజముంది. అయినా చెన్నై గాలిలో ఉక్కు, అల్యూమినియం మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోవడం అంతకన్నా పెద్ద బెడద. అందుకే ఇక్కడి బళ్ళకు గుడ్డతో తుడిచేసినట్టున్న పల్చటి పొర మంచిదని మా అభిప్రాయం, చెప్పిన బిగువు దాటనంత వరకు.

మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత ఒకసారి బిగువు సరిచూడండి. ఆ తర్వాత వారం వారం బిగించవద్దు. బిగించిన ప్రతిసారీ క్రాంకు యాక్సిల్ మీద ఇంకాస్త లోపలికి ఎక్కుతుంది, చివరికి బోల్టు వాషరు యాక్సిల్ కొసకు తగిలి ఇక బిగువే పట్టదు. అప్పటికి క్రాంకు రంధ్రం సాగిపోయి ఉంటుంది, దాన్ని బాగుచేసే దారి లేదు.